నీలం టేపు వంటగది

రిహార్సల్ చేసుకోకుండా అమరేశ్వరరావు తుమ్మను కూడా తుమ్మడు. పాతికేళ్ళ కాపురం తర్వాత అతని భార్య దమయంతి తేల్చి చెప్పిన మాట ఇది. ఏ పనైనా సరే, ముందు ఒకసారి ఉత్తుత్తిగా చేసి చూడాలి. అందులో తప్పులు పట్టుకోవాలి. మళ్ళీ ఉత్తుత్తిగా చేయాలి. అసలు పని ఆ తర్వాతే. అతని ఉద్యోగం కూడా సాఫ్ట్‌వేర్ టెస్టింగే. ఉద్యోగం వల్ల ఈ గుణం పట్టుకుందేమో అని కొత్తవాళ్ళు అనుకుంటారు గానీ, పెళ్ళినాటికే గుణం ముదిరిపోయి ఉందనడానికి సాక్ష్యం ఉంది.

ఆ సాక్ష్యం పేరు కోదండరామ్, అమరేశ్వరరావు తమ్ముడు. పెళ్ళికి ముందు రోజు అతన్ని కుర్చీలో కూర్చోబెట్టి, పురికొసతో మూడు ముళ్ళు వేయడం ప్రాక్టీసు చేశాడు పెళ్ళికొడుకు. ముళ్ళు బ్రహ్మాండంగా పడ్డాయి. విప్పడం మాత్రం రిహార్సల్లో లేదు. చివరికి వంటవాళ్ళ దగ్గర కత్తిపీట తెచ్చి కోశారు. ఇప్పటికీ ఆ పెళ్ళి ఫొటోల్లో కోదండరామ్ మెడకు మఫ్లర్ చుట్టుకుని కనిపిస్తాడు. పెళ్ళి జరిగింది మే నెలలో, విజయవాడలో.

కెనడాలోని విన్నిపెగ్ వచ్చిన కొత్తలో, ఎండ ఫెళ్ళున కాస్తున్న ఆగస్టులో, బరువైన పార్కా కోటు, మంచు బూట్లు, రెండు జతల గ్లవ్స్ వేసుకుని బస్టాపు దాకా నడిచి వెళ్ళొచ్చాడు. చలికాలంలో ఆ బరువుతో ఎన్ని నిమిషాలు పడుతుందో తెలియాలట. పక్కింటి ముసలాయన హడలిపోయి, ఆంబులెన్సు పిలవమంటారా అని దమయంతిని అడిగాడు. ఇక ఇండియా ప్రయాణమంటే, ముందు రోజు సూట్‌కేసులన్నీ కార్లో సర్దుకుని ఎయిర్‌పోర్టు దాకా వెళ్ళి రావలసిందే. దమయంతి ఎన్నిసార్లు ఎయిర్‌పోర్టు నుంచి వెనక్కొచ్చి అన్నం వండిందో లెక్కలేదు.

ఇవన్నీ ఆవిడ నవ్వుకుంటూ భరించింది. వంటగది దగ్గరికి వచ్చేసరికి మాత్రం నవ్వు రాలేదు.

దమయంతి ఎత్తు నాలుగడుగుల పది అంగుళాలు. ఆ ఇంట్లో వంటగట్టు మాత్రం ఇక్కడి పొడుగాటి మనుషుల కోసం కట్టింది. గట్టు మీద కూరగాయలు తరగాలంటే మోచేతులు చెవుల దాకా వచ్చేవి. అందుకని ఇండియా నుంచి ఒక చెక్కపీట తెచ్చుకుంది. స్టవ్వు దగ్గర పీటెక్కి పోపు పెట్టడం, దిగి, పీటను కాలితో సింకు దగ్గరికి తన్నడం, మళ్ళీ ఎక్కడం. పదకొండేళ్ళు అలా ఎక్కుతూ దిగుతూ వండింది. ఎడమ భుజం నొప్పి ఆ వంటగది ఆవిడకు ఇచ్చిన బహుమానం.

పదకొండో ఏడు ఏప్రిల్లో సింకు కింద చెక్క నాని, ఒకరోజు పప్పుల డబ్బాలతో సహా కూలిపోయింది. అమరేశ్వరరావు వచ్చి చూసి, "ఇక లాభం లేదు దమయంతీ. వంటగది మొత్తం పీకించి కొత్తది కట్టిద్దాం" అన్నాడు. దమయంతికి ప్రాణం లేచొచ్చింది.

"ముందు రిహార్సల్ చేద్దాం" అన్నాడు.

లేచొచ్చిన ప్రాణం మళ్ళీ కూర్చుంది.

వంటగది కట్టే పని సుబ్బరాజుకు అప్పగించారు. భీమవరం మనిషి. విన్నిపెగ్‌లో మనవాళ్ళ వంటగదులు చాలావరకు అతని చేతుల్లోనే లేచాయి. కొలతలు తీసుకుంటూ ముందే హెచ్చరించాడు. "క్యాబినెట్లు ఆర్డరిచ్చాక పది వారాలు పడుతుందండి. జూలై దాటితే మాత్రం నన్ను అనకండి. మంచు పడ్డాకే పని మొదలవుద్ది." దమయంతి క్యాలెండర్లో జూలై ఆఖరి తేదీ చుట్టూ ఎర్రపెన్నుతో సున్నా చుట్టింది. సరిపోలేదనిపించి ఇంకో రెండు చుట్టింది.

జూన్‌లో పాత వంటగది పీకేశారు. కార్లు రోడ్డు మీదికి, కాపురం గరాజులోకి వచ్చాయి. మనవాళ్ళిళ్ళల్లో గరాజులో ఒక గ్యాసు పొయ్యి ఎలాగూ ఉంటుంది, చేపల వేపుడు వాసన కోట్లకు పట్టకుండా. తలుపు పైకెత్తేసి, ఆ పొయ్యి మీదే మూడు పూటలా వంట. గరాజులో మిగిలిన చోటంతా అమరేశ్వరరావు ఆక్రమించి, గోడలకు రంగులేసేవాళ్ళు వాడే నీలం టేపుతో నేల మీద కొత్త వంటగది గీశాడు. ఇక్కడ గట్టు, ఇక్కడ కిటికీ, దాని కింద సింకు, ఇక్కడ స్టవ్వు. ఎవరో పారేసిన ఫ్రిజ్ అట్టపెట్టె తెచ్చి, తలుపు కోసి, మూలన నిలబెట్టాడు. మొదటి రోజే దమయంతిని నిలబెట్టి, నేల నుంచి ఆవిడ మోచేతి దాకా కొలిచి, ఏదో రాసుకున్నాడు.

"ఇప్పుడు ఫ్రిజ్‌లోంచి పాలు తియ్యి."

దమయంతి అట్టపెట్టెలోంచి లేని పాలు తీసింది.

"తలుపు వెయ్యలేదు."

"అట్టపెట్టె తలుపు వెయ్యకపోతే ఏమవుతుందండీ?"

"పాలు విరిగిపోతాయి."

పదహారేళ్ళ కూతురు భవిత ఫోన్లోంచి తల ఎత్తి, "డాడ్, ఇట్స్ ఎ బాక్స్" అంది. "నువ్వు డిష్‌వాషర్ తలుపుకు అడ్డంగా నిలబడ్డావు, పక్కకి జరుగు" అన్నాడు తండ్రి. ఇంకో రోజు లక్ష్మీకాంతం గారని తెలిసినాయన కొడుకు పెళ్ళి కార్డు ఇవ్వడానికి వచ్చి, పాపం, తిన్నగా గరాజులోకి నడిచాడు. "అయ్యయ్యో, స్టవ్వు మీద నడుస్తున్నారు!" అని అమరేశ్వరరావు పెట్టిన కేకకు ఆయన ఎగిరి పక్కకి దూకాడు. "ఇప్పుడు సింకులో ఉన్నారు" అన్నాడు అమరేశ్వరరావు. ఆయన చెప్పులు చేత్తో పట్టుకుని, కార్డు గుమ్మంలో పెట్టి వెళ్ళిపోయాడు.

జూలై వచ్చింది. అంతవరకూ కిటికీ కింద ఉన్న సింకు ఒక సాయంత్రం మూలకు పోయింది. అది రెండో ప్లాను. వారం తిరక్కుండా మూల నుంచి మధ్యకు వచ్చింది. అది మూడో ప్లాను. సింకు ఎక్కడికి పోతే నీళ్ళ టబ్బు అక్కడికి మోయాలి.

"ఆర్డరిచ్చారా?"

"సింకు ఒక్కటీ తేలనివ్వు."

"లోపల వంటగదిలో కిటికీ కింద సుబ్బరాజు గారి మనుషులు పైపు కూడా పెట్టేసి వెళ్ళారు కదండీ?"

"పైపుదేముంది, ఎప్పుడైనా జరపొచ్చు" అన్నాడు, టేపు పీకుతూ.

ఆ తర్వాత అతనికి కొత్త బెంగ పుట్టింది. "నువ్వు ఒక్కదానివే తిరిగితే వంటగది లోడు తెలియదు. ఒకేసారి ఏడుగురు పనిచేస్తే ఏమవుతుందో చూడాలి" అన్నాడు. మర్నాడు ఇద్దరమ్మాయిలను వెంటబెట్టుకొచ్చాడు. రూపది నిర్మల్, స్నేహది ఖమ్మం. ఆ ఏడు విన్నిపెగ్‌లో బస్సెక్కినా, కాఫీ షాపుకు పోయినా మన పిల్లలే, కాలేజీ బ్యాగు ఒక భుజాన, డ్యూటీ చొక్కా ఇంకో భుజాన. రూప, స్నేహ ఇంకో నలుగురితో కలిసి మూడు వీధుల అవతల ఒక బేస్‌మెంట్లో ఉంటున్నారు. వారం తిరిగేసరికి ఆరుగురూ గరాజులో ఉన్నారు.

వాళ్ళకు అమరేశ్వరరావు పెట్టిన రూల్సు విని దమయంతి నోరు తెరిచింది.

"సాయంత్రం ఆరింటికి రావాలి. ఖాళీ కడుపుతో రావాలి. తిని వస్తే చేతులు మందగిస్తాయి, టెస్టు పాడవుతుంది. ఉత్తి గిన్నెలతో కుదరదు, నిజంగా వండాలి. వండింది తినాలి, లేకపోతే రిజల్టు తెలియదు. మిగిలింది డబ్బాల్లో సర్దుకుని పట్టుకెళ్ళాలి. డబ్బాలు సర్దడం కూడా వంటగది పనే."

"ఓకే అంకుల్" అన్నారు ఆరుగురూ, ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటూ.

అక్కణ్ణుంచి గరాజు గరాజుగా లేదు. వారానికి నాలుగు సాయంత్రాలు ఒకరు ఉల్లిపాయలు తరగడం, ఒకరు బియ్యం కడగడం, ఒకరు అట్టపెట్టె ఫ్రిజ్ తెరిచి మూయడం. మధ్యలో అమరేశ్వరరావు స్టాప్‌వాచీ పట్టుకుని, "గోంగూర స్టవ్వు దగ్గరికి రావడానికి పదకొండు సెకండ్లు! చాలా ఎక్కువ! సింకు జరపాలి!" అని అరవడం. స్నేహ ప్రతిసారీ చారు మూడోసారి వేయించుకునేది. "రిజల్టు సరిగ్గా తెలియలేదు ఆంటీ" అనేది. వయసులో ఉన్న పిల్ల, ఆకలి అనుకుని దమయంతి ఇంకో గరిటె వేసేది. పిల్లలు వస్తే సందడిగానే ఉండేది. కానీ వాళ్ళు వెళ్ళాక, టబ్బు మోసుకుంటూ, ఆ నీలం గీతలు చూస్తే ఆవిడకు అన్నీ పీకి పారేయాలనిపించేది.

క్యాలెండర్లో ఎర్ర సున్నాలు వెనక్కి పోయాయి. ఆగస్టు పోయింది. సెప్టెంబరులో బాతులు గుంపులు గుంపులుగా అరుచుకుంటూ దక్షిణం వైపు ఎగిరిపోతుంటే, దమయంతి కత్తిపీట పక్కన పెట్టి వాటిని చూస్తూ నిలబడింది. పక్షులకున్న పాటి తొందర కూడా ఈ మనిషికి లేదే అని ఏడుపొచ్చినంత పనైంది. మర్నాడు కారు అద్దం మీద సన్నగా మంచు పేరుకుంది.

"ఏవండీ, మైనస్ ముప్పైలో నేను గరాజులో నిలబడి పప్పు వండాలా? గరాజు తలుపెత్తి? కోటు, టోపీ, బూట్లు వేసుకుని, వాటితోనే పీటెక్కి?"

"ఆలోచించాల్సిన విషయమే. ఒక పది ఐసు బస్తాలు తెప్పించి, ముందుగా..."

ఆవిడ మొహం చూసి ఆపేశాడు. ఆ రిహార్సల్ ఒక్కటి జరగలేదు.

శనివారం పొద్దున అమరేశ్వరరావు కూరగాయలకు వెళ్ళాడు, సాయంత్రం పదకొండో ప్లానుకు బెండకాయలు కావాలట. దమయంతి అతని బల్ల మీద చేతికందిన ప్లాను కాగితం ఒకటి లాక్కుని, కారు తీసింది. సింకు మూలనుంటే ఉండనీ, నడినెత్తిన ఉంటే ఉండనీ. ఈరోజు తానే సంతకం పెట్టి ఆర్డరిచ్చేయాలి. దారంతా ఆ మాటే పైకి అనుకుంటూ పోయింది.

సుబ్బరాజు తన షెడ్డులో చెక్క కోస్తున్నాడు. మిషను ఆపి కాగితం చూశాడు. మళ్ళీ ఆవిడ వంక చూశాడు.

"ఇదేంటండీ అమ్మగారూ?"

"ఆర్డరు. ఇప్పుడే పెట్టండి. ఎన్ని వారాలైనా సరే."

"రావు గారు జూన్ నెలాఖర్నే ఆర్డరిచ్చేశారు కదండీ. మొదటి ప్లానేనండి, కిటికీ కింద సింకు. సరుకొచ్చి నాలుగు రోజులైంది. సోమవారం మేం బిగించడానికి వస్తన్నాం. మీకు చెప్పలేదా అండీ?"

షెడ్డు మూలన అట్టల మధ్య క్యాబినెట్లు నిలబెట్టి ఉన్నాయి. దమయంతి దగ్గరికి వెళ్ళింది. గట్టు ఆవిడ నడుము దగ్గర ఆగింది. మోచేతులు ఆనించి చూసుకుంది. చెవుల దాకా రాలేదు. హాయిగా, మోచేతులు ఉండాల్సిన చోట ఉన్నాయి.

"మూడంగుళాలు తగ్గించమన్నారండి" అన్నాడు సుబ్బరాజు. "రేపు ఇల్లు అమ్మాలంటే కొనేవాళ్ళు ఒప్పుకోరండీ అన్నాను. కొనేవాళ్ళు నా ఇంట్లో వండరు గదా అన్నారు."

ఆవిడకు కోపమూ వచ్చింది, కోపం కానిదీ వచ్చింది. రెండింటినీ మోసుకుంటూ బయల్దేరింది. ప్లాను జూన్‌లోనే తేలిపోతే, జూలై నుంచి ఈ గంతులన్నీ దేనికి? తనచేత ఆ టబ్బు అన్నిసార్లు ఎందుకు మోయించాడు?

ఇంటికి వచ్చేసరికి గరాజులో రూప ఒక్కతే ఉంది, పనికి వెళ్ళేముందు ఉల్లిపాయలు ఒలిచి పెట్టడానికి వచ్చింది.

"ఆంటీ, ఒక మాట అడుగుత, ఏమనుకోవద్దు" అంది గొంతు తగ్గించి. "ప్లాన్ ఎప్పుడు ఫైనల్ అయితది?"

"ఏమ్మా, విసుగొస్తోందా?"

"అయ్యో, అట్ల కాదు ఆంటీ. మేం రాకపోతే అంకుల్ ఫీలవుతరు. పాపం, ఆయనకు టెన్షన్ ఎక్కువ కదా. అందుకే ఆరుగురం షిఫ్టులు మార్చుకొని వస్తున్నం. చలికాలంల బస్సులు లేటయితయి, అప్పుడు ఎట్లనా అని." నవ్వింది. "నిజం చెప్పాల్నంటే మాకు గూడ మంచిగనే ఉంది ఆంటీ. మా ఇంటి ఓనరామె పోపు వాసన పడదని స్టవ్ ముట్టనియ్యదు. మైక్రోవేవ్ ఒక్కటే. వచ్చిన కాడి నుంచి బ్రెడ్డు, నూడిల్సే. అది అంకుల్‌కు తెల్వదు. చెప్పకండి, ప్లీజ్. బస్టాప్ కాడ కలిసినప్పుడు తిన్నరా అమ్మా అంటే తిన్నం అంకుల్ అని చెప్పినం."

దమయంతి ఉల్లిపాయ తీసుకుని తను కూడా ఒలవసాగింది. కళ్ళు తుడుచుకోవడానికి అంతకన్నా మంచి వంక దొరకలేదు.

అమరేశ్వరరావు బెండకాయల సంచీతో వచ్చేసరికి రూప వెళ్ళిపోయింది. దమయంతి అట్టపెట్టె ఫ్రిజ్ పక్కన నిలబడి ఉంది.

"సుబ్బరాజు గారి దగ్గరికి వెళ్ళొచ్చాను."

సంచీ కింద పెట్టాడు. ఎక్కడ పెట్టాడో కూడా చూసుకోలేదు. డిష్‌వాషర్ మీద పెట్టాడు.

"బస్టాపు దగ్గర రూప తిన్నానందా?"

"తిన్నానంది, ఆర్డరిచ్చిన రెండు రోజులకే. చేతిలో ఉత్తి బ్రెడ్డు, దాని మీద ఆవకాయ. వెనకాల దాచేసుకుంది. ఇంటికి రండమ్మా, భోంచేద్దురు అన్నాను. వద్దంకుల్ అని బస్సు కూడా ఎక్కకుండా నడిచిపోయింది. ఊరికే పెడితే తినే రకం కాదు దమయంతీ. పని ఉందంటే వస్తారు. నా దగ్గర పనేముంది? ఇదొక్కటే." నీలం గీతలు చూపించాడు.

"నాకు చెప్పొచ్చుగా?"

"చెప్తే రూపను చూసినప్పుడల్లా నీ కళ్ళల్లో నీళ్ళు తిరుగుతాయి. ఆ పిల్ల మర్నాటి నుంచి రాదు."

అది అబద్ధమని అనడానికి ఆవిడకు మొహం లేదు, కళ్ళు ఇంకా తడిగానే ఉన్నాయి, ఉల్లిపాయలు ఒలవడం అయిపోయి అప్పటికే పావుగంటైంది. "మరి టబ్బు నాచేత ఎందుకు మోయించారు?" అని మాత్రం అడిగింది.

"నువ్వు తిట్టకపోతే రిహార్సల్ నిజమని ఎవరు నమ్ముతారు?"

దమయంతి తిట్టింది. రెండు నెలలుగా దాచుకున్నవన్నీ వరసగా తిట్టింది. తిడుతూనే బెండకాయలు కడిగింది.

సోమవారం సుబ్బరాజు మనుషులు దిగారు. అక్టోబరు మూడో వారానికి వంటగది తయారైంది. మొదటి రోజు దమయంతి స్టవ్వు దగ్గర నిలబడితే, కాలు అలవాటు ప్రకారం పీట కోసం వెతుక్కుంది. పీట లేదు. అవసరమూ లేదు. రెండు పాదాలూ నేల మీద ఉండగా పోపు పెట్టడం ఆవిడకు పదకొండేళ్ళలో అదే మొదటిసారి. ఆనందం పట్టలేక భవితను పిలిచి చూపించింది. "మామ్, యూ లుక్ షార్టర్" అంది భవిత. ఆ మాట కూడా ఆవిడకు ముద్దుగానే వినిపించింది.

పాలు పొంగించడానికి ఆరుగురినీ, సుబ్బరాజునూ పిలిచారు. పాలు పొంగడం అప్పటికే మూడుసార్లు రిహార్సల్ అయింది. కొత్త స్టవ్వును మూడుసార్లు తుడిచింది దమయంతే. కిటికీ అవతల సన్నగా మంచు రాలుతోంది. లోపల పులిహోర, బెండకాయ వేపుడు, చారు. స్నేహ ఆ పాత పీట మీద కూర్చుని చారు మూడోసారి వేయించుకుంది.

తినడం అయ్యాక రూప చేతులు కడుక్కుని అమరేశ్వరరావు ఎదుటికొచ్చింది. "మొత్తానికి టెస్ట్ పాసయింది అంకుల్. ఇగ మాతోని పని లేదు కదా."

అమరేశ్వరరావు సింకు వంక చూశాడు. "అదీ... సింకు..."

"సింకు ఫిక్సయిపోయింది అంకుల్."

"అవును. ఫిక్సయిపోయింది" అన్నాడు. పాతికేళ్ళలో అతని దగ్గర రిహార్సల్ లేని సందర్భం దమయంతి చూడటం అదే మొదలు. చేతిలో నీలం టేపు చుట్ట అటూ ఇటూ తిప్పుతూ, దిక్కుతోచక నిలబడ్డాడు. సుబ్బరాజు కాఫీ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు.

దమయంతి వచ్చి ఆ టేపు చుట్ట అతని చేతిలోంచి లాక్కుంది. కొత్త నేల మీద వంగి, గట్టు నుంచి గుమ్మం దాకా ఒక గీత సర్రున అంటించింది.

"ఎవరన్నారు పనైపోయిందని? ఉగాదికి ఈ ఇంటికి నలభై మంది వస్తారు. విస్తళ్ళు ఇటు నుంచి వెళ్ళాలా, అటు నుంచి వెళ్ళాలా? పచ్చడి ఎవరు కలపాలి? బూరెలు ఎవరు వేయాలి? రిహార్సల్ లేకుండా నా వల్ల కాదమ్మా. మంగళవారం ఆరింటికి ఆరుగురూ రావాలి. ఖాళీ కడుపుతో."

అందరూ ఆవిడ వంక చూశారు. అందరికన్నా ఎక్కువ అమరేశ్వరరావు చూశాడు.

"మామ్," అంది భవిత, "ఉగాది ఈజ్ ఇన్ ఏప్రిల్."

"అందుకే," అంది దమయంతి, రెండో గీత అంటిస్తూ. "అసలు టైమే లేదు."